కొట్టంలో దిగిన ఇంజినీరు

“ఏమండీ, మీరు సెలవులు గడపడానికి వచ్చారా, నా గోడలకు వైద్యం చెయ్యడానికా?”

వర్షంలో తడుస్తూ గోడను వేళ్ళతో తట్టి చూస్తున్న అతిథి ఉలిక్కిపడ్డాడు. గబగబా లోపలికి దూరబోయి గుమ్మానికి తల ఠపీమని కొట్టుకున్నాడు.

“అబ్బా! ఇంత పొట్టి గుమ్మమేంటండీ?”

“ఆవులెప్పుడూ కంప్లైంట్ చెయ్యలేదు.”

అతను పగలబడి నవ్వాడు. ఆమెకు ఒళ్ళు మండింది. ఆ నవ్వు బాగుందనిపించి ఇంకా మండింది.

తాతగారి పశువుల కొట్టాన్ని కాటేజీగా మార్చడానికి ఆమె పడని పాట్లు లేవు. పశువులు మేత తిన్న గాడి మీద ఇప్పుడు మెత్తటి పరుపు, పక్కనే కిటికీ. “పేడ వాసనలో ఎవడు పడుకుంటాడే?” అని వెక్కిరించిన పెదనాన్న, బుకింగ్స్ మొదలయ్యేసరికి కొత్త పాట అందుకున్నాడు. గోడలు కూలిపోతాయట, పడగొట్టి గోడౌన్ కట్టాలట. కొట్టంలో ఆయనకూ సగం వాటా ఉంది మరి.

“నిజం చెప్పండి. మా పెదనాన్న పంపారా?”

అతను తల దించుకున్నాడు. “ఇంజినీర్నండీ. రిపోర్ట్ ఇమ్మన్నారు. అతిథిలా వెళ్ళమన్నదీ ఆయనే. సారీ.”

“ఈ దొంగచూపులెందుకు? రేపు నిచ్చెన నేనే పట్టుకుంటా, దూలం దూలం చూడండి. కూలేదైతే నేనే పడగొడతా. కాకపోతే మాత్రం ఎవరొచ్చినా ఒక్క ఇటుక కదలనివ్వను!”

మర్నాడంతా చూశాడు. దూలాలకంటే నిచ్చెన పట్టుకున్న మనిషినే ఎక్కువ చూశాడు.

“కిందకి కాదు, పైకి చూడండి!” అని గద్దించింది గానీ, ఆమె చెంపలు వేడెక్కాయి.

సాయంత్రం పెదనాన్న గొడుగేసుకుని దిగాడు. “ఏం బాబూ, కూలుతుందా?”

“పునాది నుంచి పైకప్పు దాకా గట్టిగా ఉందండీ. అదే రాసిస్తాను.”

“పిల్లను చూసి మాట మార్చావు కదూ!”

“పిల్లను చూశాక అబద్ధమాడాలనే అనిపించింది సార్. గోడలు బాగాలేవంటే, రిపేర్ల పేరు చెప్పి ఆర్నెల్లు ఇక్కడే ఉండిపోయేవాణ్ణి.”

ఆమెకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది, ప్రాణం లేచొచ్చింది.

“విన్నారుగా పెదనాన్నా! కొట్టం ఉంటుంది, నేనూ ఉంటాను.” ఇంజినీరు వైపు తిరిగింది. “మీకు ఉండాలనుంటే గోడల మీద నెపమెందుకు? నన్నడగండి.”

“అడుగుతున్నాను.”

“ఇప్పుడా? నా ముందా?” అరిచాడు పెదనాన్న.

“పెద్దవారు కదండీ, మీ ముందే అడగాలి.”

“ఉండిపోండి,” అంది ఆమె, పెదనాన్న కళ్ళలోకి సూటిగా చూస్తూ.