ఇటుక గుంట దగ్గర మువ్వలు

పొద్దుగూకాక మా ఇటుక గుంట వైపు ఎవరూ వెళ్లరు. పగలంతా అక్కడ మట్టి తవ్వే మగవాళ్లు బూతులూ పాటలూ కలిపి అరుస్తుంటారు. దీపాలు పెట్టే వేళయిందా, పారలు భుజాన వేసుకుని తుర్రుమంటారు. వాన పడితే గుంట నిండుతుంది. నిండిన రోజు రాత్రి... మువ్వలు మోగుతాయి.

నడక నేర్చే పిల్లల కాళ్లకు ఉగాండా దేశంలో మా బుగాండా వైపు కడతామే, ఆ మువ్వలు.

అవి నబ్బోసవి. ఏడాదిన్నర పిల్ల. తల్లి నకిబూకా బట్టీలో పచ్చి ఇటుకలు మోసేది. పిల్లను సందులో వదిలి పనికి పోయేది. మా సందులో అందరి పిల్లలూ అలాగే పెరిగారు, ఇప్పుడు నా మనవరాలూ అలాగే పెరుగుతోంది. పిల్ల ఎవరి గుమ్మం ముందుంటే వాళ్లే చూస్తారు, ఉడికించిన అరటికాయ ఇంత పెడతారు, అల్లరి చేస్తే ఒకటి వేస్తారు. చూడమని ఎవరూ ఎవరికీ చెప్పరు.

ఒకరోజు పిల్ల గుంటలో శవమై తేలింది.

పోలీసులు తల్లిని పట్టుకుపోయారు. బిడ్డను గాలికి వదిలేసిన నేరమట.

"పిల్లను ఎవరికి అప్పగించావు?" అన్నారు జడ్జిగారు.

"సందులో అందరూ ఉన్నారయ్యా."

"అందరూ అంటే కుదరదు. ఒక్క పేరు చెప్పు."

ఆమె ముకలాజీ పేరు చెప్పింది. సందు మొదట్లో సైకిళ్లు బాగుచేస్తాడు. పిల్ల చివరిసారి ఆడింది అతని దుకాణం ముందే. ముకలాజీ బోనెక్కి, "నాకెవరూ అప్పజెప్పలేదు" అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే నాకు మరీ ఒళ్లు మండింది. వెనక బెంచీల మీద కూర్చున్న సందు జనం ఒక్కరూ తలెత్తలేదు.

ఆమెకు జైలు పడింది. అక్కడే పోయిందని తర్వాత ఎవరో అన్నారు. వెళ్లి కనుక్కున్నవాడు లేడు. ఆ మాట వచ్చిన కొన్నాళ్లకే మువ్వలు మొదలయ్యాయి.

ఇక ముకలాజీ నాతో చెప్పింది చెబుతాను. నా నోట్లో నువ్వు గింజ నానదని తెలిసి కూడా చెప్పాడంటే ఎంత బెదిరిపోయి ఉంటాడో చూడండి.

పోయిన వానాకాలం. కరెంటు పోయింది. దుకాణం మూసి, సైకిలు తోసుకుంటూ బయల్దేరాడు. పెద్దదారంతా బురద. పళ్లు బిగించి గుంట మీదుగా అడ్డదారి పట్టాడు.

నల్లటి నీళ్లు... కప్పల అరుపులు... ఉన్నట్టుండి కప్పలు కూడా ఊరుకున్నాయి.

ఘల్లు.

ఆగాడు. గాలి అనుకున్నాడు. ఆకు కూడా కదలడం లేదు.

ఘల్లు... ఘల్లుఘల్లు — నీళ్లలో ఏదో పడింది. ఆ వెంటనే ఇంకేదో... పెద్దది.

సైకిలు చేతిలోంచి జారిపోయింది. చూస్తుండగానే నీళ్లలోంచి ఒక ఆకారం లేచింది. ఆడమనిషి. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. చంకలో పసివాడు... నేరుగా తన వైపే వస్తోంది —

"నకిబూకా! నువ్వు... చచ్చిపోయావు కదా!"

"ఎవరన్నారు?"

"అందరూ..."

చంకలో వాడు దగ్గాడు. నీళ్లు కక్కాడు. "నాన్నా" అని ఏడుపు ఎత్తుకున్నాడు. ముకలాజీ కొడుకు సెంపా! వాడు దొర్లించుకుంటూ వచ్చిన పాత టైరు, ముకలాజీ దుకాణంలోదే, గుంటలో తేలుతోంది.

"ఎవరి దగ్గర వదిలావు, అన్నా?" అంది ఆమె, గుసగుసగా.

"దుకాణం ముందే ఆడుతున్నాడు... వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాడనుకున్నా... సందులో అందరూ ఉన్నారు కదా —"

ఆ మాట తన నోటి నుంచే వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఒక్క పేరు చెప్పు" అంది.

ముకలాజీ పిల్లాడి కోసం చేతులు చాచాడు.

ఆమె పిల్లాణ్ణి అతని చేతుల్లో పెట్టి వంగింది. గుంట చుట్టూ పిల్లల మోకాలెత్తున తాడు కట్టి ఉంది. తెగిన చోట ముడి వేసింది. నబ్బోస మువ్వలు ఆ తాడుకే వేలాడుతున్నాయి. కేసు కోసం తీసుకున్న పోలీసులు, ఆమెను జైలు నుంచి వదిలాక తిరిగి ఇచ్చారట. గుంట నిండిన రోజుల్లో చీకటి పడగానే కడుతుంది, తెల్లారేలోగా విప్పేస్తుంది. గుంట అవతల పాడుబడ్డ బట్టీలో ఉంటుంది. మోగితే పరిగెత్తుకొస్తుంది, మేకపిల్ల తగిలినా సరే.

"ఎవరికీ చెప్పకు" అంది వెళ్లబోతూ. "తెలిస్తే వీడి తల్లిని తీసుకుపోతారు. నిన్ను కాదు."

నేను విని ముకలాజీని ఉతికి ఆరేశాను. "ఆమె బతికే ఉందనైనా సందులో చెప్పరా, సిగ్గులేనివాడా!" అన్నాను.

"చెబితే ఎలా చూశావంటారు పిన్నీ. పిల్లాడి సంగతి బయటపడుతుంది. నా పెళ్లాం ఏమైపోవాలి?" అన్నాడు. ఎవరైనా అడిగితే మాత్రం, దెయ్యాన్ని కళ్లారా చూశానంటాడు. దాంతో సందు ఇంకా హడలిపోయింది. ఇప్పుడు మువ్వలు మోగితే చాలు, తలుపులన్నీ మూసేస్తారు. మొదట మూసేది వాడే.

ఉండండి... వినబడుతోందా?

అదిగో. ఘల్లు... ఘల్లు...

తలుపులు పడుతున్నాయి, చూడండి, ఒకదాని వెనక ఒకటి —

"ఏమే కోడలా! పాప ఏదే?"

"ఇక్కడే ఎక్కడో ఉంటుంది అత్తా... అందరూ ఉన్నారుగా."