ఇంజన్లో మడమ చప్పుడు

డుంబ్రిగుడ నుంచి లోపలికి పోయే మట్టిదారిలో, కొండ వాలున కనక ఇల్లు ఒక్కటే ఉంటుంది. ఆ సాయంత్రం అరుగు ముందు మోటారుసైకిలు ఇంజను నడుస్తోంది. పక్కన వరహాలరావు గొంతుక్కూచున్నాడు. మైదానం నుంచి వచ్చి డుంబ్రిగుడలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, నాడి చూసేవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

బండి కనక మొగుడు బుధుది. వానాకాలంలో ఘాట్ రోడ్డు మలుపు దగ్గర లోయలోకి పోయాడు. బండి దొరికింది, మనిషీ దొరికాడు, కాల్చడమూ అయింది. కానీ కనక వాళ్ళ కొండజాతిలో అంతటితో చావు పూర్తి కాదు. బయట పోయినవాణ్ణి ఇంటికి తెచ్చుకోవాలి. పెద్దలు ఆ చోటుకి పోయి, పేరు పెట్టి ఒక్కడినే పిలిచి, అక్కడి రాయి ఒకటి ఒడిలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా రావాలి. రాయి గడప దాటగానే, అదే చోట అంతకుముందు పోయినవాళ్ళెవరూ వెనకాల రాకుండా గడప మీద బూడిద పొయ్యాలి.

పెద్దలేమో సామలు కోశాక అన్నారు. కాఫీ ఎండాక అన్నారు. అక్కడ మంచులో అతను, ఇక్కడ నాలుగు గోడల మధ్య ఈమె. ఇల్లు మరీ మూగదైపోయిందని, బండి చప్పుడన్నా వినబడుతుందని ఇంజను బాగుచేయించుకుంది.

"సిలిండరు బోరు కొట్టించాను. పిస్టనూ కొత్తదే," అన్నాడు వరహాలరావు. "టాపెట్లయితే టిక్కు టిక్కుమని సన్నగా కొడతాయి. చైనయితే గరగరమంటది. ఈ చప్పుడేటో తల్లీ... ఏక్సిలేటరు ఇచ్చినా జోరవదు. దాని ఇష్టమొచ్చినప్పుడు కొడతంది, మా ఆవిడలాగ."

కనక నవ్వింది. నవ్వి ఎన్నాళ్ళయిందో.

"ఇలా తే బాబూ, నానింటాను."

"నీకేటి తెలుస్తాది?" అంటూనే స్క్రూడ్రైవరు ఇచ్చి, చేతులు కడుక్కోడానికి పెరట్లోకి పోయాడు.

ఆమె పిడిని చెవికి ఆనించుకుంది. కాగిన ఆయిలు వాసన. ఇంజను హోరు. ఆ హోరు అడుగున... టక్. టక్. కాసేపు ఆగి... టక్.

బండి నడుపుతూ బుధు తనలో తాను పాడుకునేవాడు. పాటకి తగ్గట్టు మడమతో ఫుట్‌రెస్టుని కొట్టేవాడు. వెనక కూర్చుని దారంతా వినేది కదూ.

అదే. అతనే.

అప్పటివరకు మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి ఎరగదు. ఇంజను మీదికి వంగి, గుసగుసగా అంది:

"బుధూ... ఇంటికి వచ్చెయ్యి."

చప్పుడు ఆగిపోయింది.

వరహాలరావు వచ్చి విన్నాడు. మళ్ళీ విన్నాడు. "పోయిందే. ఏటి సేసావమ్మా?"

"ఏం లేదు."

"పోన్లే. మంచు దిగిపోతంది, బేగి ఎల్లిపోతాను." ఇంజను ఆపి, బండిని సైడు స్టాండు మీద పెట్టి, తన బండెక్కి వెళ్ళిపోయాడు.

కనక అరుగు మీద కూర్చుంది. లోయలోంచి మంచు పైకి పాకుతోంది. కీచురాళ్ళు ఒక్కసారిగా ఊరుకున్నాయి. తడి మట్టి వాసన వచ్చింది, నలిగిన పచ్చి ఆకు వాసన వచ్చింది.

బండి కిర్రుమంది.

ముందు సీటు మెల్లగా కిందికి దిగింది... మనిషి కూర్చున్నట్టు.

ఆమెకి భయం వెయ్యలేదు. కళ్ళు నిండాయి. "వచ్చావా," అంది. లేచి వెళ్ళి, తను కూర్చునే చోట చెయ్యి వేసింది. సీటు చల్లగా, తడిగా ఉంది.

ఆ చేతి కిందే వెనక సీటు కూడా దిగింది.

ఆమె ఇంకా ఎక్కలేదు...

చెయ్యి లాక్కుంది. గడప దాకా వెనక్కి నడిచింది. స్ప్రింగులు మళ్ళీ మూలిగాయి. మళ్ళీ. టైర్లు నేలకి అణిగిపోతున్నాయి.

కంచె దగ్గర తడిక తెరుచుకుంది. గాలికైతే వెంటనే మూసుకోవాలి. మూసుకోలేదు. మంచులో అలాగే నిలబడి ఉంది... వెనక వచ్చేవాళ్ళ కోసం ఎవరో పట్టుకున్నట్టు.