కింద నుంచి నాలుగో బొట్టు

బకెట్లో నీళ్ళు అప్పటికే మూడుసార్లు మార్చారు. పునిత ఇనుప బ్రష్షును మళ్ళీ ముంచి స్తంభాన్ని గట్టిగా రుద్దింది. ఎర్రటి పొలుసులు ఆమె చెప్పుల మీద రాలాయి.

మలేషియాలో తెలుక్ ఇంటాన్ దగ్గర ఎస్టేట్‌లో అదొక పాత రబ్బరు ఫ్యాక్టరీ. మూతబడి ముప్పై ఏళ్ళయింది. చుట్టూ ఉన్న రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ చెట్లు వేశారు. ఇప్పుడా ఫ్యాక్టరీని చూడ్డానికి టూరిస్టులు రావాలట. రబ్బరు పాలు పోసే తొట్లు, షీట్లు వత్తే రోలరు ఉన్నచోటే ఉంచి, ఆఫీసు గదిలో కాఫీ షాపు పెడుతున్నారు. ప్రారంభానికి ఇంకా రెండు వారాలు. అందుకే శనివారం పొద్దున్నే స్కూలు పిల్లలు శుభ్రం చేయడానికి వచ్చారు.

శాంతాదేవి టీచర్ ముందే చెప్పింది. ఎవరికిచ్చిన చోటు బాగా మెరిస్తే, ప్రారంభం రోజున రిబ్బను కత్తిరించే కత్తెర ఉన్న పళ్ళెం వాళ్ళు పట్టుకుంటారు. పేపర్లో ఫొటో కూడా వస్తుంది.

పునితకు పదకొండేళ్ళు. ఆ పళ్ళెం ఆమెకు కావాలి.

ఆమెకు రోలరు పక్కన ఉన్న ఇనుప స్తంభం ఇచ్చారు. దాని మీద కింద నుంచి పైకి ఎర్ర మచ్చలు ఉన్నాయి. ఒక్కొక్కటి వేలికొనంత.

"అంతా తుప్పే," అంది పునిత.

పక్కింటి శ్రీకుమార్ ఆ పక్కనే కిటికీ తుడుస్తున్నాడు. వచ్చి వంగి చూసి, అక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ అన్నాడు. "తుప్పు ఇలగ లైనుగా పడతాదా ఏటి? బొట్లు లాగున్నాయి లా. టీచర్ని అడుగు."

"నీ కిటికీ మెరవట్లేదని నీకు కుళ్ళు."

"నాకేటి కుళ్ళు? నీ పళ్ళెం నువ్వే మోసుకో లా!"

అతను వెళ్ళిపోయాడు. పునిత ఒక్క క్షణం ఆ మచ్చలను చూసింది. నిజంగానే బొట్లలా ఉన్నాయి. అడిగితే టీచర్ వద్దంటుందేమో. ఆమె అడగలేదు. బ్రష్షు తీసుకుంది.

మధ్యాహ్నానికి స్తంభం కొత్త స్టీలు గ్లాసులా మెరిసింది. అక్కడి పనులన్నీ చూసుకునే రాజన్ అంకుల్ ఈల వేశాడు. టీచర్ పునిత పేరు రాసుకుంది.

ఇంటికొచ్చేసరికి తాత వెంకటసామి వరండాలో కూర్చుని తెల్ల చొక్కాకు బొత్తాం కుట్టుకుంటున్నాడు. తాత ఆ ఫ్యాక్టరీలోనే, రబ్బరు షీట్లను పొగలో ఆరబెట్టే పొగగదిలో పనిచేశాడు. ఆరేళ్ళ క్రితం పోయిన మామ్మ కన్నమ్మ రోలరు దగ్గర పనిచేసింది. ఫ్యాక్టరీ మూసేశాక తాత ఆ వైపు వెళ్ళలేదు. పోయిన వారం మాత్రం, ప్రారంభానికి తనూ వస్తానన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"తాతా! పళ్ళెం నాకే!"

"ఏటి తుడిసినావు?"

"రోలరు పక్క స్తంభం. దాని నిండా ఎర్ర మచ్చలు. ఒక్కటి లేకుండా గీకేశాను!"

తాత చేతిలో సూది ఆగింది. "ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు!"

తాత దారం కొరికేశాడు. బొత్తాం సగమే కుట్టిన చొక్కాను మడిచి పట్టుకుని లోపలికి వెళ్ళాడు. అమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచింది. ఆయన రాలేదు.

ఆదివారం పొద్దున తాత మోటార్‌సైకిల్ స్టార్టు చేసి, "ఎక్కు," అన్నాడు.

ఫ్యాక్టరీలో ఎవరూ లేరు. తాత స్తంభం చుట్టూ తిరిగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మీ మామ్మ కొత్తగా పనిలోకి వచ్చినప్పుడు ఒక ఆడమనిసి సెయ్యి ఈ రోలర్లో పడిపోనాది. మణికట్టు దాకా. ఆ ఏడు ఆయుధపూజకి ఆడోళ్ళందరూ ఈ స్తంభానికి బొట్టు పెట్టినారు. ఈ ఏడు నా సెయ్యి నాకుండాల అని. కుంకం నీళ్ళకి పోతాది. అందుకని సెట్లకి గుర్తులేసే ఎర్ర పెయింటు అడిగి తెచ్చుకున్నారు. ఏడాదికోపాలి, ఎవల బొట్టు మీద ఆళ్ళే పెట్టుకునేవోళ్ళు. సచ్చిపోయినోళ్ళ బొట్టు ఇంకెవలూ ముట్టుకోరు."

పునిత స్తంభానికి దగ్గరగా జరిగింది. "మామ్మది ఏది తాతా?"

తాత మోకాళ్ళ మీద కూర్చుని ఒక చోట వేలు పెట్టాడు. "కింద నించి నాలుగోది."

అక్కడ ఉత్తి ఇనుము ఉంది. మెరుస్తోంది.

"ఇంట్లో మామ్మ ఫొటో ఉంది కదా తాతా."

"ఫొటో ఎవడో తీసినాడు. ఇది దాని సొంత ఏలుతో పెట్టుకున్నాది. ఏలి గీతలు కూడా అవుపించేవి."

"ఎర్ర పెయింటు తెచ్చి మళ్ళీ పెడతాను."

"ఎవల బొట్టు పెడతావు?"

"తుప్పనుకున్నాను," అంది పునిత మెల్లగా. ఆ మాట అన్నాక ఇంకా బరువనిపించింది. "కాదు తాతా. శ్రీకుమార్ బొట్లన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అడిగితే తుడవద్దంటారని అడగలేదు."

తాత ఆమె ముఖంలోకి చూశాడు. "ముందే ఈ మాట సెప్పాల," అన్నాడు. లేచి బయటికి నడిచాడు. పర్వాలేదు అనలేదు.

సోమవారం పునిత టీచర్‌కూ రాజన్ అంకుల్‌కూ జరిగిందంతా చెప్పింది. శ్రీకుమార్ మాట కూడా దాచలేదు.

రాజన్ అంకుల్ తల గోక్కున్నాడు. అంతలోనే ఆయన ముఖం వెలిగింది. "ఇంతేనా లా! మళ్ళీ ఎర్ర చుక్కలు పెట్టించేద్దాం. పక్కన ఈ కథ రాసి బోర్డు పెడదాం. టూరిస్టులు దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు."

పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం పునితకు అలవాటు లేదు. అయినా అడిగింది. "ఎవరి బొట్టు పెడతారంకుల్?"

రాజన్ అంకుల్ చుక్కల మాట మళ్ళీ ఎత్తలేదు.

టీచర్ జాబితాలో పునిత పేరు కొట్టేసింది. పళ్ళెం శ్రీకుమార్‌కు వెళ్ళింది. అతను ఎగతాళి చేస్తాడని పునిత ఎదురుచూసింది. అతనేమీ అనలేదు.

మరుసటి శనివారం పొగగది పని. రబ్బరు షీట్లు ఆరబెట్టిన ఆ గదిలో గోడలన్నీ నల్లగా ఉన్నాయి. పిల్లలు బకెట్లు పట్టుకుని గుమ్మం దగ్గర గుమిగూడారు.

"ఆగండి. ఎవరూ తడిగుడ్డ పెట్టకండి," అంది పునిత.

"పళ్ళెం పోయినాక పోలీసు ఉద్యోగం వచ్చింది లా!" అని వెనక ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

పునిత నవ్వలేదు. ఆమె గేటు వైపు చూస్తోంది. మూడు రోజులుగా తాతను రమ్మని అడుగుతోంది. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఇప్పుడు గేటు దగ్గర మోటార్‌సైకిల్ ఆగింది. తాత తెల్ల చొక్కా వేసుకున్నాడు. పై బొత్తాం ఇంకా వేలాడుతూనే ఉంది.

పునిత ఎదురెళ్ళి ఆయన్ను మొదటి గోడ దగ్గరకు తీసుకొచ్చింది.

"ఇదేటి తాతా?"

తాత వంగి చూశాడు. "ఉత్తి మసి. కడిగెయ్."

ఆమె కడిగింది. రెండడుగులు జరిగింది.

"ఇది?"

"అదీ మసే."

శ్రీకుమార్ గుడ్డ పిండుకుని తలుపు దగ్గరకు వెళ్ళాడు. తలుపు లోపలివైపు, నడుము ఎత్తున, చెక్క అరచేయంత మేర అరిగి, గుంటపడి నున్నగా ఉంది. దాని మీద జిడ్డు నల్లగా పేరుకుంది.

"ఉండు," అంది పునిత. "ఇదేటి తాతా?"

తాత తన అరచేయి ఆ గుంటలో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

"పొగ కళ్ళల్లో పడితే తలుపు అవుపించదు. తడుముకుంటా వచ్చి ఇక్కడ సెయ్యేసి తోసేవోళ్ళం. నాను, మునుసామి, యోగేశ్వరన్. ఆళ్ళిద్దరూ ఇప్పుడు లేరు."

శ్రీకుమార్ చేతిలోని గుడ్డను బకెట్లో వేసేశాడు. వెనక నవ్వినవాళ్ళు కూడా ముందుకొచ్చి చూశారు.

పునిత బకెట్‌ను తలుపుకు దూరంగా జరిపింది. తడి చేతులు గౌనుకు తుడుచుకుని రెండో గోడ దగ్గరకు నడిచింది. తాత రావడానికి కాస్త సమయం పట్టింది. ఆయన వచ్చేదాకా గోడను ముట్టుకోకుండా నిలబడింది.

"ఇదేటి తాతా?"