అక్క తాగాల్సిన జ్యూసు

కాలేజీ హాల్లో అందరూ అక్క చుట్టూనే మూగారు. తోడుగా వచ్చిన చెల్లెలు బుడంకాయకి ఒళ్ళు మండిపోతోంది.

అక్కకి పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఇవాళే మొదటిసారి రక్తం ఇచ్చింది. నర్సు ఆమె మోచేతి మడతలో దూది పెట్టి ప్లాస్టర్ అంటించింది. కుర్చీలో కూర్చోబెట్టి, జ్యూసు ప్యాకెట్ చేతిలో పెట్టింది.

"కాసేపు లేవకు తల్లీ. ఇదంతా తాగాకే ఇంటికి."

అంతలో నాన్న ఫోను. "మా బంగారుతల్లే!" అన్న మాట బుడంకాయ దాకా వినిపించింది.

నిన్న తనకి లెక్కల్లో మంచి మార్కులొస్తే, ఇదే నాన్న "సరేలే" అని ఊరుకున్నాడు! బుడంకాయ మూతి మూడు వంకర్లు తిరిగింది.

"నాకూ రక్తం తియ్యండి," అంది నర్సుతో.

"నీకింకా వయసు రాలేదమ్మా. ముందు బాగా తిని పెరుగు!"

అక్క స్నేహితురాళ్ళు కిసుక్కుమన్నారు. అంతే, బుడంకాయకి పుండు మీద కారం చల్లినట్టయింది. అక్క ఇంకా ఫోన్లో మాట్లాడుతుండగానే జ్యూసు లాక్కుని, చివరి చుక్కదాకా పీల్చేసింది.

"అయ్యో, అదేంటే?"

"పద, బస్సు వెళ్ళిపోతుంది. ఒక్క సూది గుచ్చితేనే ఇంత నాజూకా, రాణీగారూ?"

ఇంకో ప్యాకెట్ అడగడానికి అక్కకి మొహమాటం. నర్సు అటు తిరగగానే లేచింది.

మెట్ల దగ్గర అక్క మొహం పాలిపోయింది. "ఏయ్... కళ్ళు తిరుగుతున్నాయే," అంటూ గోడ పట్టుకుని కిందికి జారిపోయింది.

బుడంకాయ "నర్సమ్మా!" అని గొంతు చించుకుని అరిచింది.

నర్సు పరుగున వచ్చి అక్కని వెల్లకిలా పడుకోబెట్టింది. "కాళ్ళు పైకెత్తి పట్టుకో. జ్యూసు తాగిందా?"

అవునంటే ఎవరికీ తెలీదు. బుడంకాయ అక్క పాదాలు గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"లేదు. నేనే తాగేశాను. లేపి తీసుకొచ్చిందీ నేనే."

నర్సు తిట్టలేదు. "నిజం చెప్పావు, నయం. రక్తం ఇచ్చాక ఒంట్లో నీరు తగ్గుతుందమ్మా. అందుకే ఆ కుర్చీ, ఆ జ్యూసూ. గొప్ప కోసం కాదు."

కాసేపటికి అక్క మొహంలోకి రంగొచ్చింది. "పాదాలు వదలవే, చక్కిలిగింత!"

"నర్సమ్మ చెప్పేదాకా వదలను."

బాగా తేరుకున్నాక, నర్సు సరేనన్నాకే బయల్దేరారు. బస్సులో ఒక్కటే సీటు ఖాళీ. బుడంకాయ దూసుకెళ్ళి కూర్చుంది. అక్క దగ్గరికి రాగానే లేచి ఆమెని కూర్చోబెట్టింది. బ్యాగులు రెండూ తన భుజానికే తగిలించుకుంది.

"అంతదూరం నిలబడగలవా?"

"మాట్లాడకుండా నీళ్ళు తాగు," అంది బుడంకాయ, అక్క చేతికి ఎవరూ తగలకుండా అడ్డంగా నిలబడి.