డ్యూటీలో లేని మెంబర్

కళ్లజోళ్ల దుకాణంలోకి వచ్చిన ఆ ఆడమనిషి షోకేసు వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఎడమ కంటి అద్దం మసకబారిందని చెప్పింది. కౌంటర్ వెనక ఉన్నాయన పవర్ ఎంతని అడిగాడు. మైనస్ ఏడు అంది. అంత పవర్ ఉన్న మనిషి కళ్లజోడు లేకుండా రోడ్డు ఎలా దాటిందని ఆయన అడగలేదు. అలాంటివి అడగకపోవడమే ఆయన ఉద్యోగం. వెనక తలుపు తీశాడు.

డిపార్ట్‌మెంట్‌లో ఆమెను సూది అంటారు. నలభై దాటిన సన్నటి మనిషి. ఎక్కడికైనా దూరిపోతుంది, దూరిన చోట ఊరికే ఉండదు. మేడ మీది గదిలో సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. మామూలుగా అసైన్‌మెంట్ ఇచ్చే ముందు ఆయన పది నిమిషాలు తన మోకాళ్ల నొప్పుల గురించి చెబుతాడు. ఆ రోజు చెప్పలేదు.

"ఒకటి వినిపిస్తాను. వినలేకపోతే ఆపేస్తాను," అన్నాడు.

"ఆపొద్దు సర్," అంది సూది.

స్పీకర్‌లో దగ్గు. ఆ తర్వాత పొగ పట్టిన గొంతు: "ఫైర్ ఫోర్ టు కంట్రోల్. లోపల దారి మూసుకుపోయింది. నా మాట వినపడుతోందా? ఓవర్."

అది ఆమె అన్నయ్య గొంతు. ఫైర్ సర్వీసులో కమాండర్. మూడు నెలల క్రితం ఆయిల్ గోడౌన్ మంటల్లో ఊపిరాడక పోయాడు. బయటికి రమ్మని కంట్రోల్ రూమ్ పదేపదే చెప్పినా వినకుండా మొండిగా లోపలే ఉండిపోయాడని ఎంక్వైరీ రిపోర్టు తేల్చింది. పేపర్లు ఇంకో మెట్టు ఎక్కి అత్యుత్సాహం అని హెడ్డింగు పెట్టాయి. ఆ కటింగ్ చూసిన రోజు వదిన అన్నం ముట్టలేదు.

పెద్దాయన రికార్డింగు ఆపి, సంగతి విడమర్చి చెప్పాడు. కొత్త నెట్‌వర్క్‌లో ఫైర్, పోలీస్, అంబులెన్స్ వాళ్ల హ్యాండ్‌సెట్లన్నీ గ్రూపులుగా ఉంటాయి. ఎవరు ఏ గ్రూపులో ఉండాలో కంట్రోల్ రూమ్‌లో అడ్మిన్ రాస్తాడు. ఒకరు బటన్ నొక్కి మాట్లాడితే ఆ గ్రూపు మొత్తానికీ వినిపిస్తుంది, గ్రూపు బయట ఒక్కరికీ వినిపించదు. గోడౌన్ తగలబడిన రోజు ఫైర్-4 అనే పేరుతోనే ఇంకో గ్రూపు పుట్టింది. అన్నయ్య హ్యాండ్‌సెట్‌ను ఎవరో అందులోకి మార్చేశారు. స్క్రీన్ మీద పేరు అదే. తేడా ఆయనకెలా తెలుస్తుంది? బయటికి రమ్మన్న ఆర్డర్ అసలు గ్రూపులో తిరుగుతోంది. ఆయన ఖాళీ గ్రూపులో నలభై నిమిషాలు పిలుస్తూనే ఉన్నాడు.

"ఎందుకు సర్? మా అన్నయ్య ఎవరికి అడ్డొచ్చాడు?"

"ఎవరికీ అడ్డు రాలేదమ్మా. ఇది పనిచేస్తుందో లేదో చూసుకున్నారు. ట్రయల్."

సూది ఏడవలేదు. ఏడుపు మూడు నెలల క్రితమే అయిపోయింది. ఇప్పుడు కోపం రాజుకుంది. శత్రుత్వంతో చంపినా ఇంతగా రగిలేది కాదేమో. కొత్త మిక్సీ కొనేముందు స్విచ్ వేసి చూసినట్టు ఒక మనిషి ప్రాణం తీసి చూసుకున్నారు.

చేసింది గడియారం ముఠా. సరిహద్దు అవతలి దేశానికి పనిచేస్తుంది. సెకన్ల లెక్కన పని ముగిస్తారని ఆ పేరు వచ్చింది. అందులో మిమిక్రీ అనేవాడు ఉన్నాడు. ఎవరి గొంతు పది నిమిషాలు విన్నా దించేస్తాడు. ముఠా కొరియర్ ఒకడు ఈమధ్య లొంగిపోయాడు. కంట్రోల్ రూమ్‌లో ఆ గ్రూపులు మార్చిన చెయ్యి ఎవరిదో వాడికి తెలుసు. జడ్జి ముందు తప్ప నోరు విప్పనన్నాడు. రేపు పదకొండు గంటలకు కోర్టు. మూడు కార్ల కాన్వాయ్, ఎవరి కంటా పడకుండా ఒక్కో కారూ కిలోమీటరు ఎడంగా, మధ్య కారులో సాక్షి. వాడు దారిలో పోతే ఆ చెయ్యి ఎవరిదో ఎప్పటికీ తెలియదు. అన్నయ్య మాట వినని మొండివాడిగానే ఫైల్లో మిగిలిపోతాడు.

అడ్మిన్ అధికారం ఇద్దరికే ఉంది. ఒకడు షిఫ్ట్ సూపర్‌వైజర్. రెండోది నెట్‌వర్క్ కంపెనీ పంపిన కన్సల్టెంట్. డిపార్ట్‌మెంట్ ఆమెకు పెట్టిన పేరు నెమలి. ఏడాదిగా ముఠాలో మనిషిలా నటిస్తూ వాళ్ల కబుర్లు పెద్దాయనకు మోస్తున్న డబుల్ ఏజెంట్. పట్టు చొక్కా, నల్ల కళ్లద్దాలు, ఆమె వెళ్లిపోయాక కూడా పావుగంట లిఫ్టులో ఉండిపోయే సెంటు. అన్నయ్య పోయినప్పుడు ఇంటికొచ్చి వదిన చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా.

"నెమలి మన మనిషి. నేను సూపర్‌వైజర్‌ని అనుమానిస్తున్నాను," అన్నాడు పెద్దాయన. "ఎవరైనా సరే, నాకు ప్రాణాలతో కావాలి. ముఠా పేర్లన్నీ ఆ బుర్రలో ఉన్నాయి. నీ కోపం పక్కన పెట్టు."

పక్కన పెడతానని ఆమె మాట ఇవ్వలేదు. ఆయన రెట్టించలేదు. వెళ్లేముందు ఒక కవరు చేతికిచ్చి, ల్యాబ్‌లో పని అయిపోయిందనీ, వదినకి ఇచ్చేయమనీ చెప్పాడు. అందులో అన్నయ్య హ్యాండ్‌సెట్ ఉంది. బ్యాటరీ విడిగా, ప్లాస్టిక్ సంచిలో.

మర్నాడు పదింటికి కంట్రోల్ రూమ్‌కి యూపీఎస్ బ్యాటరీలు మార్చే మనిషి వచ్చింది. నీలం యూనిఫాం, మసి పట్టిన చేతులు, భుజాన టూల్ బ్యాగ్, దాని అడుగున పిస్టలూ బేడీలూ. గేటు దగ్గర సంతకం కూడా వంకరటింకరగా పెట్టింది. గాడ్జెట్ల సంగతికొస్తే, పిడిలో కెమెరా ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి ఇచ్చారు. అది స్క్రూలు మాత్రం తిప్పదు. బ్యాటరీ గదికీ కంట్రోల్ హాలుకీ మధ్య అద్దాల గోడ. సూది ఒక ర్యాక్ విప్పి దాని ముందు చతికిలబడింది.

హాల్లో నలభై మంది హెడ్‌సెట్లు పెట్టుకుని కూర్చున్నారు. సూపర్‌వైజర్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వాడి ముఖం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నెమలి మాత్రం కాలు మీద కాలు వేసుకుని, గోళ్ల రంగు చూసుకుంటూ ఒక్కో కీ నొక్కుతోంది. పొద్దున్నే ఆమె ఒక నోటీసు పంపింది. మ్యాప్ సర్వర్ మెయింటెనెన్స్‌లో ఉంటుంది, వాహనాల లొకేషన్ ఒక గంట కనిపించదు అని. గోడమీద పెద్ద తెర నల్లగా ఉంది.

సూది చెయ్యి ఆగిపోయింది. కాన్వాయ్ వెళ్లే గంటలోనే మ్యాప్ బాగు చెయ్యాలా?

హాలు స్పీకర్‌లో అంతా సవ్యంగానే వినిపిస్తోంది. కంట్రోల్ అడిగినప్పుడల్లా మధ్య కారు డ్రైవర్ జవాబిస్తున్నాడు. గ్రూపు పేరు కాన్వాయ్-1. పేరు అదే. ఆ మాట తట్టగానే ఆమె టూల్ బ్యాగ్‌లోంచి కవరు తీసింది. ఇంతకీ అన్నయ్య హ్యాండ్‌సెట్ ఇప్పుడు ఏ గ్రూపు పేరు చూపిస్తుంది? ల్యాబ్ వాళ్లు దాన్ని నెట్‌వర్క్‌కి తగలనివ్వకుండా పరీక్షించారు కాబట్టి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బ్యాటరీ పెట్టింది. వెలిగింది. స్క్రీన్ మీద ఫైర్-4 అని లేదు.

కాన్వాయ్-1 అని ఉంది.

ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. సూపర్‌వైజర్ గొంతు వినిపించింది. "కార్ టూ, ముందు బ్రిడ్జి మీద యాక్సిడెంట్. ఎడమకి తిరిగి బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగు. ఎస్కార్ట్ నీ వెనకే వస్తుంది." అద్దాల గోడ అవతల అసలు సూపర్‌వైజర్ నోటినిండా నీళ్లు పోసుకుని తాగుతున్నాడు. ఆ మాట ముగియగానే హాలు స్పీకర్‌లో డ్రైవర్ గొంతు, "కార్ టూ, బ్రిడ్జి మీదే వెళ్తున్నా," అంటోంది. రెండు హ్యాండ్‌సెట్లతో రెండు వైపులా మాట్లాడుతున్నది మిమిక్రీయే.

సూదికి మొత్తం అర్థమైంది. నెమలి కొత్త గ్రూపు చేసే శ్రమ పడలేదు. ట్రయల్‌కి వాడిన దొంగ గ్రూపునే బయటికి తీసి, పేరు మార్చి, సాక్షి కారును అందులో వేసింది. పాత మెంబర్లను తీసేసే ముందు లిస్టు చూసుకునే ఉంటుంది. కానీ ఆ లిస్టు డ్యూటీలో ఉన్నవాళ్లనే చూపిస్తుంది. చచ్చిపోయినవాడు డ్యూటీలో ఉండడు. ఫైర్ ఆఫీసులో అన్నయ్య ఐడీ తొలగించే ఫైలు మూడు సంతకాల్లో రెండో దాని దగ్గర మూడు నెలలుగా నిద్రపోతోంది. ప్రభుత్వ ఆలస్యం ఒక మంచి పని చేసిందంటే అది ఇదొక్కటే.

"ఎడమకి తిరిగా. ర్యాంప్ కనిపిస్తోంది," అన్నాడు అసలు డ్రైవర్.

ఆమె ఆరెంజ్ ఎమర్జెన్సీ బటన్ నొక్కింది. కమాండర్ ఐడీ మీద అది నొక్కితే గ్రూపులో ఎవడు మాట్లాడుతున్నా వాడి లైను తెగిపోతుంది. మిమిక్రీ మాట సగంలో ఆగింది.

"కార్ టూ, బ్రేక్. నువ్వు వింటున్నది కంట్రోల్ కాదు. ర్యాంప్ దిగావంటే చస్తావు."

టైర్లు కీచుమన్నాయి. "ఫైర్ ఫోర్ ఎవరు? అద్దం పవర్ చెప్పు," అన్నాడు డ్రైవర్, తన స్క్రీన్ మీద ఐడీ చూసి. డిపార్ట్‌మెంట్ మనిషే, తెలివైనవాడు.

"మైనస్ ఏడు. రివర్స్!"

ముందు చక్రాలు అప్పటికే వాలు మీద ఉన్నాయి. కింద చీకట్లో ఒక లారీ హెడ్‌లైట్లు వేసుకుని ఎదురొచ్చింది. కారు వెనక్కి దూకడానికీ, లారీ ర్యాంప్ నోటి దగ్గర గోడను గుద్దుకోవడానికీ మధ్య రెండు సెకన్లు కూడా లేవు.

ఎస్కార్ట్ కార్లకు ఇవేవీ తెలియవు. అవి అసలు గ్రూపులో హాయిగా బ్రిడ్జి ఎక్కుతున్నాయి. పెద్ద ప్రమాదాల్లో రెండు గ్రూపులను ఒకటిగా కలిపే అధికారం ఫీల్డ్ కమాండర్‌కి ఉంటుంది. అన్నయ్య చాలాసార్లు గొప్పగా చెప్పిన విషయం అది. సూది మెనూ తెరిచి రెండు కాన్వాయ్-1లనీ కలిపేసింది. ఎస్కార్ట్‌ని బేస్‌మెంట్ ర్యాంప్ దగ్గరికి రమ్మని ఒక్క ముక్క చెప్పి, ఎమర్జెన్సీ తీసేసి, బటన్ మీద నుంచి వేలు ఎత్తింది. మాట్లాడే వంతు మిమిక్రీకి వదిలేసింది.

వాడు గోతిలోకి తనే దూకాడు. ఈసారి సొంత గొంతుతో. "అడ్మిన్ మేడమ్, ఎవడు ఈ ఫైర్ ఫోర్? గోడౌన్‌లో పోయినోడి ఐడీ ఎందుకు తియ్యలేదు? వెంటనే పీకెయ్!"

అది హాలు స్పీకర్‌లో గోడలు అదిరేలా వినిపించింది. నలభై తలలు ఒక్కసారిగా నెమలి వైపు తిరిగాయి. సూపర్‌వైజర్ చేతిలో నీళ్ల సీసా జారిపోయింది. పాపం, ఆ మనిషి కంగారంతా బాధ్యత వల్లే.

నెమలి లేచి నిలబడింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అరచేతిలో పట్టే పిస్టల్ తీసి, పైకప్పుకి ఒక గుండు పేల్చి, హ్యాండ్‌సెట్ పట్టుకుని ఫైర్ మెట్ల వైపు పరుగెత్తింది. సూది వెంటపడలేదు. ముందు హాల్లోకి వెళ్లి, నెమలి తెరిచి వదిలేసిన అడ్మిన్ స్క్రీన్ ముందు కూర్చుంది. కాన్వాయ్-1 పేరుతో మరో గ్రూపు చేసి, నెమలిని అందులోకి మార్చింది. అన్నయ్య హ్యాండ్‌సెట్‌నీ అందులోనే వేసి, వినడానికి మాత్రమే పెట్టుకుంది. ఆ తర్వాతే తాపీగా మెట్లు దిగింది.

నెమలి వెనక గేటు దగ్గర, చెత్త డబ్బాల మధ్య నిలబడి ఉంది. గేటుకి బయటనుంచి తాళం. పిస్టల్‌తో పేల్చి చూసింది, తూటాలు అయిపోయాయి, తాళం అలాగే ఉంది. హ్యాండ్‌సెట్ నోటి దగ్గర పెట్టుకుని పికప్ పంపమంది. జవాబు లేదు. స్క్రీన్ చూసుకుంది. పేరు సరిగ్గానే ఉంది. మళ్లీ పిలిచింది. పోలీసులు చుట్టుముడుతున్నారు, ప్లీజ్, ఎవరైనా ఉన్నారా అంది. గొంతులో ఠీవి పోయింది, ఆ తర్వాత మాటలు పోయాయి, చివరికి ఏడుపు మిగిలింది.

సూది పై మెట్టు మీద కూర్చుని అంతా వింది. ఒళ్లో పిస్టల్ ఉంది. సేఫ్టీ తీసి ఉంది. కాల్చాలని వేలు తహతహలాడింది. ఆ కోరికకి ఆమె సిగ్గుపడలేదు. కాల్చకపోవడానికి కారణం జాలీ కాదు, పెద్దాయన ఆర్డరూ కాదు. కాలిస్తే ఆ పిలుపు అక్కడితో ఆగిపోతుంది.

నెమలి హ్యాండ్‌సెట్ నేలకేసి కొట్టాక ఆమె లేచి కిందికి వెళ్లింది.

"ఎంతసేపటి నుంచి ఉన్నావ్ అక్కడ?" అంది నెమలి. కాటుక చెంపల మీదికి కారింది.

"మొదట్నుంచీ."

"విని కూడా..."

"నాకు మా అన్నయ్య గొంతు వినడానికి మూడు నెలలు పట్టింది. నీకు పది నిమిషాలకే మనిషి వచ్చింది. అదృష్టవంతురాలివి," అంటూ సూది నెమలి చేతులకు బేడీలు వేసింది. కొంచెం బిగించే వేసింది.

మిమిక్రీని లారీ క్యాబిన్‌లోంచి బయటికి లాగారు. నలుగురి గొంతులతో బతిమాలాడు, ఏదీ పనిచేయలేదు. సాక్షి పదకొండింటికి జడ్జి ముందు నెమలి పేరు చెప్పాడు. కోర్టు హాల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదని వాడు కొంచెం నొచ్చుకున్నాడు. పాత ఎంక్వైరీ రిపోర్టును రద్దు చేస్తూ ప్రభుత్వం ఆర్డర్ వేసింది. పెద్దాయన మళ్లీ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

నెల తిరక్కుండా వదిన ఇంటికి ఫైర్ ఆఫీసు నుంచి రిజిస్టర్డ్ కవరు వచ్చింది. సన్మానం తాలూకు కాగితం అనుకుంది. తీరా చూస్తే మెమో. ఫలానా తేదీన డ్యూటీలో లేకుండా, పై అధికారుల అనుమతి లేకుండా, కమాండర్ ఫైర్ ఫోర్ పోలీసు గ్రూపులో మాట్లాడినట్టు రికార్డుల్లో ఉంది, దీనికి వారం లోపు స్వయంగా సంజాయిషీ ఇవ్వవలెను. సూది కోపంతో దాన్ని చింపబోయింది. వదిన ఆమె చేతిలోంచి దాన్ని లాక్కుని, పెన్ను తీసుకుని, ఆ మెమో కిందనే జవాబు రాసి అదే కవరులో తిప్పి పంపేసింది.

"అయ్యా, మావారు ప్రస్తుతం రాలేని చోట ఉన్నారు. ఆయన మాట ఈసారైనా మీ ఆఫీసుకు వినిపించినందుకు ధన్యవాదాలు. ఓవర్."