ఆయన తిన్నాకే

పీణ్యలో మేముండే వరస ఇళ్ళ ముందు ఒకటే పొడుగాటి వసారా. సాయంత్రమైతే ఎదురు మెషిన్ షాపుల్లోంచి ఇనుము కోసే చప్పుడు, నూనె వాసన. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది మా ఆయన చొక్కా వాసన. లేతు మెషిన్ మీద పని చేస్తూనే గుండె పట్టుకుని పడిపోయాడు అమరనాథ్. ఇప్పటికీ ఆ వాసన గుప్పున కొడితే లేచి తలుపు తీస్తాను. బుద్ధి లేక కాదు, అలవాటు చావక.

ఆయన తినకుండా నేను తినేదాన్ని కాదు. మా మడకశిర వైపు ఆడవాళ్ళకు ఇదేం గొప్ప కాదు, ఊరికే అట్లా జరిగిపోతుంది. షిఫ్టులోంచి ఫోన్ చేసి “తిన్నావా?” అనేవాడు. “తిన్నా” అనేదాన్ని. ఇంటికొచ్చి గిన్నె మూత తీసి నా అబద్ధం పట్టుకునేవాడు. షుగరున్న మనిషివి పస్తులేమిటని తిట్టి, నువ్వు తింటేగానీ నేను ముట్టనని మొండికేసేవాడు. చివరికి నేనే ఓడిపోయేదాన్ని.

ఆయన పోయాక ఆకలి కూడా ఆయన వెంటే పోయింది. మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చింది. కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడితే వీధి చివరి డాక్టరమ్మ కోప్పడింది. “ఏడవండి, వద్దనను. కానీ తిని ఏడవండి. ఇట్లాగే ఉంటే మీరూ పోతారు.” పోతే పోనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మా ఇళ్ళల్లో పెద్దల అమావాస్యకు ఎడె పెడతాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి ఆకులో వడ్డించి, దీపం పెట్టి, తలుపు మూసి అందరం బయట కూర్చుంటాం. వాళ్ళు తిని వెళ్ళాక, మెల్లగా తలుపు తట్టి లోపలికి పోయి ఆ ఆకులోదే మనం తింటాం. ఏడాదికి ఒక్కసారి చేసే పని. నేను రోజూ చేయడం మొదలుపెట్టాను. ఆయన ముట్టుకుంటే తింటాను, లేకపోతే లేదు. ఆకు పెట్టింది పెట్టినట్టే ఉండేది. నేనూ పస్తే.

సంగతి తెలిసి మా అమ్మ అక్క, దొడ్డమ్మ, యలహంక నుంచి మూట కట్టుకుని వచ్చేసింది.

“దినామూ పెట్టకూడదు మే,” అంది ఆకు చూసి. “పెట్టే చెయ్యి కనపడితే ఆకలిగొన్నోళ్ళంతా వస్తారు. మనోళ్ళు, పరాయోళ్ళు అని ఉంటాదా వాళ్ళకి?”

నేను వినలేదు. అయితే విచిత్రం, ఆమె వచ్చిన రోజే రాగిముద్ద అంచున వేళ్ళతో తుంచిన గుంట కనిపించింది. ఆయన తిన్నాడు! వెక్కివెక్కి ఏడుస్తూ మిగిలిందంతా తిన్నాను. అప్పటినుంచి రోజూ గుంట, రోజూ నాకు తిండి. మాత్రలు కూడా వేసుకుంటున్నాను. కాళ్ళలో బలం వచ్చింది, బిందె ఎత్తగలుగుతున్నాను.

ఒక సాయంత్రం వాన మొదలైంది. కరెంటు పోయి, మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు; అంత నిశ్శబ్దం మా వీధిలో నేనెన్నడూ వినలేదు. వెనక తలుపు గడియ పెట్టి, ఎడె పెట్టి, మాత్ర మింగి వసారాలోకి వచ్చాను. దొడ్డమ్మ గోడకు ఆనుకుని, వాచిన మోకాలు నిమురుకుంటూ కూర్చుంది.

“అంబికా... ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు.”

“ఏంది?”

“ముద్ద తుంచింది నేనే తల్లీ. చెయ్యి కడుక్కుంటానని చెప్పి వెనక తలుపున పోయి... ఈ పొద్దు మోకాలు లెయ్యనీలేదు. ఆయన రాడు. నువ్వు తిను. నా బిడ్డ కదా, తిను.”

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఆయన ఎంగిలి అనుకుని కళ్ళకద్దుకుని తిన్నాను కదా! ఇక పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని అరవబోయాను.

లోపల ఆకు కదిలింది.

చారు జుర్రిన చప్పుడు. ఆగి, మళ్ళీ. తర్వాత నమలడం. నిదానంగా, తడితడిగా...

“చూశావా? వచ్చాడు!” నా గొంతు నాకే వినపడలేదు. “తినేసి పోనీ. తర్వాత నేను తింటా.”

ఎదురుచూశాను. వాన జోరు తగ్గింది. లోపల తిండి మాత్రం అయిపోవడం లేదు. నేను పెట్టింది ఒక్క ముద్ద. అయినా నములుతూనే ఉన్నారు. నాకు చేతులు వణకసాగాయి. చల్లటి చెమట. షుగరు మాత్ర పడింది, తిండి పడలేదు. తల దిమ్మెక్కి దొడ్డమ్మ మొహం రెండుగా కనిపించింది.

ఆమె నా చెవిలో గొణిగింది. “మే... ముద్దను నమిలేది ఎవరు?”

రాగిముద్ద ఎవరూ నమలరు. చారులో ముంచి మింగుతారు. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన ఒక్కనాడూ ముద్ద నమల్లేదు. తలుపు కింది సందులోంచి వాసన వచ్చింది. నూనె వాసన కాదు. తడిసిన బూడిద వాసన.

దొడ్డమ్మ సంచిలోంచి బన్ను తీసి నా నోటికి ఆనించింది. “తిను. నీ కాళ్ళు పట్టుకుంటా, తిను. పడిపోతే నిన్ను ఈడ్చుకోని పోయే శక్తి నాకు లేదు.”

“ఆయన ఇంకా...” పళ్ళు బిగుసుకుపోయాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇట్లా పోతే బాగానే ఉంటుందనిపించింది. సుఖంగా ఉంది కూడా.

అప్పుడు, వసారా చీకట్లో, నా చెప్పుల పక్కనుంచి...

“తిన్నావా?”

నూనె వాసన. చొక్కా వాసన.

“తిన్నా,” అన్నాను. అలవాటు.

జవాబు లేదు. ఫోన్లో అబద్ధం చెప్పినప్పుడు ఆయన అట్లాగే ఊరుకుండేవాడు. ఏడుపు ఎగదన్నింది. బన్ను కొరికాను. గొంతు దిగలేదు. దొడ్డమ్మ నీళ్ళు పోసింది. మళ్ళీ కొరికాను. కన్నీళ్ళతో, ఉప్పగా, అంతా తిన్నాను. ఆయనకంటే ముందు నాకై నేను తినడం అదే మొదటిసారి.

“తిన్నా,” అన్నాను. ఈసారి నిజం.

పక్కనుంచి నిట్టూర్పు. చాలా దగ్గరగా, చాలా అలసటగా.

“నేనింకా తినలేదు అంబికా. నన్ను లోపలికి పోనీలేదు.”

దొడ్డమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆమె కూడా విన్నది.

లోపల నమలడం ఆగింది. ఆకు మడిచిన చప్పుడు. అడుగులు తలుపు దాకా వచ్చాయి.

తర్వాత, ఎడె అయ్యాక లోపలికి పోయేముందు మేము తట్టినట్టే... లోపలినుంచి ఎవరో తలుపు మెల్లగా తట్టారు.