వాల్యుయర్ తప్పుకున్న ఫ్లాటు

"ఆ గదిని ఇప్పటికి మూడుసార్లు కొలిచారు," అందామె గుమ్మానికి ఆనుకుని. "కొలిచినప్పుడల్లా పెరుగుతోందా?"

"ఊళ్ళో ధరలన్నీ పెరుగుతున్నాయి కదండీ. గది కూడా పెరిగిందేమోనని చూస్తున్నా," అన్నాడు వాల్యుయర్, నవ్వు బయటపడకుండా.

ఆ పాత ఫ్లాటుకు విలువ కట్టమని బ్యాంకు అతన్ని పంపింది. అతను కడితేనే ఆమెకు లోను. మందుల షాపులో పనిచేసే ఆమెకు సొంతంగా ఒక ఆస్తి ఉండాలని ఎన్నాళ్ళ కలో. కొని అద్దెకిస్తే ఆ అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయని లెక్క. వచ్చే వారం వడ్డీ పెరుగుతుందంటున్నారు. పెరిగితే ఆమె జీతానికి అంత లోను రాదు.

వాన మొదలైంది. అతను కిటికీ కింద గోడమీద అరచెయ్యి ఆనించాడు.

"చెమ్మ లేదు. కావాలంటే మీరూ చూడండి."

ఆమె పక్కనే చెయ్యి పెట్టింది. గోడ చల్లగా ఉంది. ఇద్దరిలో ఎవరూ వెంటనే చెయ్యి తియ్యలేదు.

వాన తగ్గేదాకా ఆగుదామన్నాడు. తగ్గాక కూడా ఆగారు. ఇక్కడ కుర్చీ వేసుకుంటే ఎలా ఉంటుంది, పొద్దుటి ఎండ ఎందాకా వస్తుంది అని కబుర్లలో పడ్డారు. అద్దెకివ్వాల్సిన ఇల్లన్న సంగతే ఆమె మరిచిపోయింది.

ఆ తర్వాత రిపోర్టు లేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. చివరికి బ్యాంకుకు వెళ్తే, "ఆయన తప్పుకున్నారండీ, ఇంకొకర్ని వెయ్యాలి," అన్నారు. ఈలోగా వడ్డీ పెరగనే పెరిగింది. లోనుతో పనిలేని వాళ్ళెవరో ఆ ఫ్లాటు ఎగరేసుకుపోయారు.

"పోనీలేవే, దాని తాతలాంటిది దొరుకుతుంది," అన్నాడు నాన్న.

ఆమెకు ఏడుపొచ్చింది. అది ఫ్లాటు కోసం కాదని తెలిసేసరికి ఒళ్ళు మండింది.

మర్నాడు అతనే షాపుకొచ్చాడు.

"తలనొప్పి మాత్రలు కావాలండీ."

"ఎవరికి?"

"మీకే. నా వల్ల వచ్చుంటుంది కదా."

"నమ్ముకున్నందుకు నట్టేట ముంచారు. ఎందుకు తప్పుకున్నారు?"

అతను తల దించుకున్నాడు. "కొనేవాళ్ళ మీద ఏ అభిమానమూ లేనివాడే విలువ కట్టాలని మాకో రూలుందండీ. ఆ రోజు అంకె వేద్దామని కూర్చున్నా. మీకు లోను రావాలని ఎక్కువ వేస్తున్నా. తప్పు కదా అని తగ్గిస్తే మీ మొహమే గుర్తొస్తోంది. అసలు విలువెంతో నాకే తెలియకుండా పోయింది."

"ఆ ముక్క ఫోన్‌లో చెప్పలేకపోయారా?"

"మొహం చెల్లలేదండీ."

కోపం ఉంచుకుందామని ఆమె చాలా ప్రయత్నించింది. అతనికివ్వడానికి తీసిన మాత్రల అట్ట మాత్రం చేతిలో నలిగిపోతోంది.

"నాకొచ్చే లోనుకు సరిపోయే చిన్న ఫ్లాటు వెతుక్కోవాలిప్పుడు."

"వెతుక్కోండి. కానీ మీ ఫైలు ఇంకెప్పుడూ నాకివ్వొద్దని బ్యాంకులో చెప్పేశా."

"ఇంకెప్పుడూనా?"

"ఇది తగ్గేలా లేదండీ."

బయట మళ్ళీ చినుకులు పడుతున్నాయి. ఆమె గుండె ఎక్కడో మబ్బుల్లో తేలుతోంది. మాత్రలు అల్మరాలో పెట్టేసి, అతనివైపు తిరక్కుండానే అంది.

"ఆదివారం ఒకటి చూడ్డానికి వెళ్తున్నా. విలువ కట్టక్కర్లేదు గానీ, ఊరికే రండి. ఈసారి అద్దెకివ్వడానికి కాదు."